నవల దిద్దుకునేవారికి తలకిందుల సలహాలు

మూడు వందల పేజీల చిత్తుప్రతి పూర్తయి, ఆఖరి వాక్యం కింద గీత గీసిన రోజున రచయితకు తొందర మొదలవుతుంది. డీటీపీకి ఎప్పుడిద్దాం, ముఖచిత్రం ఎవరితో వేయిద్దాం, ముందుమాట ఎవరిని అడుగుదాం అని. నవల ఇంకా మొదలవలేదని ఆ రోజున ఎవరు చెప్పినా చెవికెక్కదు. కానీ జరిగిందంతా అంతే. కథ ఏమిటో రచయితకు తెలియడానికి రాసుకున్నది చిత్తుప్రతి. అది తెలిశాక, ఆ తెలివిడితో మళ్లీ రాసేది నవల.

మన దగ్గర ఈ రెండో రాత అలవాటు తక్కువ. దానికి కారణం లేకపోలేదు. వారపత్రికల్లో సీరియల్స్ వెలిగిన రోజుల్లో నవల వారం వారం ప్రెస్సుకు వెళ్లిపోయేది. పదో భాగం రాస్తున్నప్పటికి మొదటి భాగాలన్నీ పాఠకుల చేతుల్లో ఉండేవి. వెనక్కి వెళ్లి మార్చుదామన్నా వీలు లేదు. తర్వాత చాలాసార్లు ఆ పత్రిక కత్తిరింపులే కంపోజింగుకు వెళ్లి పుస్తకమయ్యేవి. ఇప్పుడు చాలామంది రచయితలు సొంత డబ్బు పెట్టుకుని ఐదొందలో వెయ్యో కాపీలు వేసుకుంటున్నారు. తరిమే పత్రిక లేదు. అలాగని కూర్చోబెట్టి దిద్దించే ఎడిటరూ లేడు. ప్రూఫులు చూసేవారు దొరుకుతారు, నవల చూసేవారు దొరకరు. ఆ పనీ రచయితే చేసుకోవాలి.

అలా చేసుకునేవారి కోసం కొన్ని సలహాలు రాస్తున్నాను. వినగానే ఇవి తప్పుడు సలహాల్లా అనిపిస్తాయి. రచన నేర్పే పుస్తకాల్లో కనిపించేవాటికి చాలావరకు ఎదురు. అయినా ఇందులో ప్రతి మాటా నమ్మే రాస్తున్నాను.

1. అచ్చుతప్పులు దిద్దకండి

దిద్దడం అనగానే ఎర్రపెన్ను తీసుకుని మొదటి పేజీలో ఒత్తులూ దీర్ఘాలూ సరిచేయడం మొదలుపెడతారు. ‘వెళ్ళాడు’ అనాలా ‘వెళ్లాడు’ అనాలా అని ఒక సాయంత్రం గడిచిపోతుంది. అది అవసరమే, కానీ ఇప్పుడు కాదు. తలుపు ఎక్కడ పెట్టాలో తేలని గోడకు సున్నం వేయడం లాంటి పని అది. ఆ అధ్యాయం నవలలో ఉంటుందో ఉండదో తెలియకుండానే దాన్ని తళతళలాడించేస్తే, తర్వాత తీసేయడానికి చేయి రాదు. భాష బాగున్న అనవసరపు అధ్యాయం నవలకు చేసే హాని, తప్పులున్న అవసరమైన అధ్యాయం చేయదు.

కాబట్టి మొదటిసారి చదివేటప్పుడు పెన్ను పక్కన పెట్టండి. ఒక నోటుపుస్తకం తీసుకుని ప్రతి అధ్యాయానికీ ఒక్క వాక్యం రాయండి: ఈ అధ్యాయం మొదట్లో ఎవరి పరిస్థితి ఎలా ఉంది, చివరికి ఎలా మారింది? ఆ వాక్యం రాయలేకపోతే ఆ అధ్యాయంలో ఏమీ జరగలేదన్నమాట. వర్ణన ఉండొచ్చు, చర్చ ఉండొచ్చు, చక్కని సామెతలూ ఉండొచ్చు. జరిగింది మాత్రం ఏమీ లేదు. నలభై అధ్యాయాల నవలకు ఈ పని చేస్తే రెండు మూడు పేజీల పట్టిక వస్తుంది. అందులో నవల రోగం చాలావరకు బయటపడుతుంది.

2. వెనక నుంచి మొదలుపెట్టండి

దిద్దడం మొదటి అధ్యాయంతో మొదలుపెట్టేవారు మొదటి అధ్యాయాన్నే పదే పదే దిద్దుతారు. ప్రతిసారీ మొదటి నుంచి వస్తారు, నూరో పేజీ దాటేసరికి అలసిపోతారు. అందుకే ఎన్నో రాతప్రతుల్లో మొదటి యాభై పేజీలు నిగనిగలాడుతుంటాయి, చివరి యాభై పేజీలు పరుగు తీస్తుంటాయి. హీరోయిన్ పెళ్లిచూపులకు ముప్ఫై పేజీలు, తండ్రి చావుకు పేజీన్నర. పాఠకుడు పుస్తకం మూసేటప్పుడు మనసులో మిగిలేది ఆ పరుగే.

అందుకని ఆఖరి అధ్యాయంతో మొదలుపెట్టండి. ముగింపును ముందు స్థిరం చేసుకుని, అక్కడి నుంచి ఒక్కో అధ్యాయం వెనక్కి నడవండి. చివర్లో కథానాయిక ఇల్లు వదిలి వెళ్లిపోతుందనుకుందాం. ఆమె చేతికి బస్సు చార్జీలు ఎక్కడివి? ఎవరింటికి వెళ్తోంది? ఆ ఇంటివారు ఇంతకుముందు ఎక్కడైనా కనిపించారా? పిల్లను వదిలేసి వెళ్తోందా, వెంటబెట్టుకుని వెళ్తోందా? ఆ మాట ముందెప్పుడైనా ఆమె తనతో తాను అనుకుందా? ఈ ప్రశ్నలకు జవాబులు వెనకటి అధ్యాయాల్లో లేకపోతే ఆ ముగింపు పాఠకుడికి రచయిత ఇచ్చిన తీర్పులా ఉంటుంది, ఆమె తీసుకున్న నిర్ణయంలా ఉండదు. ఒక్కో ప్రశ్నా ఒక్కో అధ్యాయంలో పని చూపిస్తుంది: పదిహేనో అధ్యాయంలో కుట్టుమిషను రావాలి, తొమ్మిదో అధ్యాయంలో పిన్ని ఇంటికి ఒక ప్రయాణం ఉండాలి. ముందునుంచి వస్తే ఈ సంగతులు కంటపడవు.

ముగింపు మీద ఇంత కాలం పెట్టడం వృథా కాదు. హెమింగ్వే ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ (1929) చివరి పేజీని 39 సార్లు తిరగరాశానని 1958లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ఆయన కాగితాల్లో దొరికిన రకరకాల ముగింపులను 2012లో ఒక ప్రత్యేక ముద్రణలో వేస్తే అవి 47 తేలాయి. ఆయన వెతికింది మంచి వాక్యం కోసమే కాదు. ఆ యుద్ధం, ఆ ప్రేమ, ఆ చావు అన్నీ చూసిన మనిషి చివరికి ఏ స్థితిలో మిగిలాడో తెలుసుకోవడం కోసం కూడా.

3. తగ్గించకండి, పెంచండి

ఎవరిని అడిగినా ‘కత్తిరించు’ అంటారు. మూడొందల పేజీలుంటే రెండొందలు చెయ్యమంటారు. వర్ణనలూ ఉపన్యాసాలూ ఉన్నచోట ఆ మాట సరైనదే. కానీ నేను చూసిన తెలుగు రాతప్రతుల్లో అసలు లోపం ఎక్కువ ఉండటం కాదు, ఉండాల్సింది లేకపోవడం. ఎక్కడ కథ బరువెక్కుతుందో సరిగ్గా అక్కడే రచయిత రెండు వాక్యాల్లో చెప్పేసి ముందుకు దూకుతాడు. ఆ సన్నివేశం రాయడం కష్టం కనుక దాన్ని సారాంశంగా మార్చేస్తాడు. దిద్దేటప్పుడు ముందు వెతకాల్సింది ఇలాంటి దూకుళ్లనే.

ఒక ఉదాహరణ చూపిస్తాను. చిత్తులో ఇలా ఉందనుకోండి:

“తండ్రి పోయిన ఏడాదికి అన్నదమ్ములిద్దరూ ఆస్తి పంచుకున్నారు. అప్పట్నుంచీ వాళ్లిద్దరి మధ్యా మాటల్లేవు.”

తప్పేమీ లేదు. సమాచారం అందింది. కానీ నవల ఉండాల్సింది ఆ రెండు వాక్యాల మధ్యలో. దాన్ని తెరిస్తే ఇలా రావచ్చు:

“పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని కాగితం రాయిస్తున్నారు. పొలం అయింది, ఇల్లు అయింది, గొడ్లు అయ్యాయి. చివరికి పెరట్లో రోలు మిగిలింది. ‘రోలు అమ్మది. అమ్మ ఎవరి దగ్గరుంటే వాళ్లది’ అన్నాడు పెద్దవాడు. ‘అమ్మ నీ దగ్గరుంటానని చెప్పిందా అన్నయ్యా?’ అన్నాడు చిన్నవాడు. తల్లి గుమ్మం లోపలే నిలబడి ఉంది. ఆమెను అడుగుదామని ఎవరికీ తోచలేదు.”

రెండు వాక్యాలు ఎనిమిదయ్యాయి. నిడివి పెరిగింది, నిజమే. దాంతోపాటు ఇంకొకటి జరిగింది. చిత్తులో లేని తల్లి ఇక్కడ వచ్చి నిలబడింది. ఆమె ఎవరి దగ్గరుంటుందన్న ప్రశ్న తర్వాతి అధ్యాయాన్ని నడిపించగలదు. అన్నదమ్ముల మధ్య మాటలు ఎందుకు ఆగిపోయాయో పాఠకుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. సారాంశాన్ని సన్నివేశం చేసినప్పుడు ఇలాంటివి దొరుకుతాయి. వెతకనివారికి దొరకవు.

మన సాహిత్యంలో దీనికి మించిన సాక్ష్యం గురజాడదే. అది నాటకమే అయినా, తెలుగులో ఒక రచన తిరగరాతతో ఎంత దూరం వెళ్లగలదో చూపించడానికి అంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. మెప్పు వచ్చిన రచన. గురజాడ దాన్నలా వదిలేయవచ్చు. 1909లో ఆయన రెండో కూర్పు తెచ్చారు. ఇప్పుడు మనం చదువుకుంటున్న కన్యాశుల్కం అదే. నాటకం బాగా పెరిగింది, మధురవాణి పెరిగింది. మొదటి కూర్పుతోనే ఆయన ఆగి ఉంటే మనకు తెలిసిన మధురవాణి మనకు ఉండేది కాదు. తగ్గించడమే దిద్దడం అనుకునేవారు ఈ రెండు కూర్పుల్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

బిభూతిభూషణ్ ‘పథేర్ పాంచాలి’ గురించి కూడా ఇలాంటి ముచ్చటే చెబుతారు. మొదటి ప్రతిలో దుర్గ లేదట. భాగల్పూరులో చింపిరి జుట్టుతో ఒక పల్లెటూరి పిల్ల కనపడ్డాక, రాసిన ప్రతి పక్కన పెట్టి మళ్లీ రాశారట. 1929లో పుస్తకంగా వచ్చిన ఆ నవల్లోంచి దుర్గను తీసేసి ఊహించుకోవడం ఎవరి తరమూ కాదు. దిద్దడం అంటే కొత్త మనిషిని కథలోకి రానివ్వడం కూడా.

4. మీకు బాగా నచ్చిన అధ్యాయాన్నే అనుమానించండి

ప్రతి రాతప్రతిలోనూ రచయిత అందరికీ చదివి వినిపించే అధ్యాయం ఒకటి ఉంటుంది. సాధారణంగా అది ఊరి జాతరో, నాయనమ్మ జ్ఞాపకాలో, గోదావరి వర్ణనో. దాన్ని నవల్లోంచి విడదీసి కథగా పత్రికకు పంపించవచ్చా అని ఆలోచించండి. పంపించవచ్చు అనిపిస్తే అది నవలకు అవసరం లేనిదై ఉండొచ్చు. లేదా, ఇంకో సంగతి కూడా ఉండొచ్చు: అదే అసలు నవల, మిగతాదంతా దాని చుట్టూ కట్టిన దడి.

ఈ రెండోది జరిగినచోట గొప్ప పుస్తకాలు పుట్టాయి. హార్పర్ లీ 1957లో ప్రచురణకర్తకు ఇచ్చిన రాతప్రతిలో కథానాయికకు ఇరవై ఆరేళ్లు. ఊరికి తిరిగి వచ్చి తండ్రిని కొత్త కళ్లతో చూస్తుంది. టే హోహాఫ్ అనే ఎడిటర్‌కు అందులో చిన్ననాటి సంగతులున్న చోట్లే ప్రాణమున్నట్టు కనిపించింది. రెండేళ్లకు పైగా తిరగరాశాక, 1960లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ వచ్చింది. కథ చెప్పేది చిన్నపిల్ల. పాత ప్రతి 2015లో ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ పేరుతో విడిగా అచ్చయింది. రెండూ చదివినవారికి ఒకటి తెలుస్తుంది: చెప్పాలనుకున్న కథ ఒకటి, చెప్పగలిగిన కథ ఇంకొకటి. దిద్దేటప్పుడు ఆ రెండోదాన్ని గుర్తుపట్టే ధైర్యం కావాలి.

5. ఫైలు మూసేసి మొదటి నుంచీ టైపు చేయండి

ఇది వినగానే అందరూ పిచ్చి పని అంటారు. కంప్యూటర్ ఉండగా ఎనభై వేల మాటలు మళ్లీ కొట్టడమేమిటి అని. కానీ ఫైల్లోనే అక్కడో మాట ఇక్కడో మాట మారుస్తూ పోతే వాక్యాలు అతుకులబొంతలవుతాయి. కన్ను ఉన్నదానికి అలవాటుపడిపోయి, లేనిదాన్ని చూడదు. పాత ప్రతిని ప్రింటు తీసి పక్కన పెట్టుకుని, ఖాళీ ఫైల్లో ప్రతి వాక్యాన్నీ కొత్తగా కొట్టండి. వేళ్లకు బద్ధకమనిపించే పేరా పాఠకుడికీ బద్ధకమనిపిస్తుంది. అనవసరమైనది కొట్టబుద్ధి కాదు, దానంతటదే రాలిపోతుంది. టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’ రాస్తున్నప్పుడు ఆయన కొట్టివేతల కాగితాలను భార్య సోఫియా సాపు చేసి ఇచ్చేది. సాపుప్రతి చేతికి రాగానే ఆయన దాన్ని మళ్లీ చిత్తు చేసేవాడు. శుభ్రంగా ఉన్న కాగితం మీదే తప్పు బాగా కనిపిస్తుంది.

తెలుగులో రాసేవారికి ఇంకో కారణం కూడా ఉంది. మధ్యలో పాత్ర పేరు మార్చాలనిపించి, ‘రీప్లేస్’ నొక్కేస్తారు. ‘రంగడు’ను ‘శీను’ చేస్తారు. రంగణ్ణి, రంగడికి, రంగడితో అనేవి అలాగే ఉండిపోతాయి. ‘సీత’ను ‘కమల’ చేస్తే పెరట్లో సీతాఫలం చెట్టు కమలాఫలం చెట్టవుతుంది. మన విభక్తులూ సంధులూ మెషీను మాట వినవు. పేరు మారితే మనిషి కూడా కొంచెం మారతాడు. రంగడిని ఊళ్లో పిలిచే తీరు వేరు, శీనును పిలిచే తీరు వేరు. ఆ సంభాషణలన్నీ మళ్లీ చేత్తో రాయాల్సినవే.

6. మీరు చదవొద్దు, చదివించుకోండి

బయటికి చదువుకుంటూ దిద్దుకోమని అందరూ చెబుతారు. ఫ్లోబేర్ ‘మదాం బోవరీ’ని 1851 నుంచి 1856 దాకా రాశాడు. వాక్యాలను గొంతెత్తి అరిచి చూసుకునేవాడు. ఆయనకు అది సరిపోయింది. మనలో చాలామంది మంచి చదువరులు, సభల్లో చదివి మెప్పు పొందినవారు. సొంత రాతను సొంత గొంతుతో చదివితే లేని భావం కూడా పలికించేస్తాం. కాగితం మీద లేని విరామం నోట్లో ఉంటుంది.

అందుకని ఇంకొకరి చేతికిచ్చి చదివించుకోండి. సాహిత్యంతో పరిచయం లేనివారైతే ఇంకా మంచిది. కాలేజీలో చదివే మేనకోడలు చాలు. ఆమె ఎక్కడ తడబడుతుందో, ఎక్కడ వాక్యం మొదటికి వెళ్లి మళ్లీ మొదలుపెడుతుందో రాతప్రతి మార్జిన్‌లో ఒక గీత పెట్టండి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియక ఆమె ఆగిన చోట సంభాషణలో లోపముంది. మాండలికం విషయంలో ఇది మరీ బాగా పట్టిస్తుంది. నల్లగొండ పెద్దాయన మొదటి అధ్యాయంలో ‘వచ్చిండు’ అని, పదో అధ్యాయంలో ‘వచ్చాడు’ అంటే కన్ను దాటిపోతుంది, చెవి పట్టుకుంటుంది. కథ చెప్పే గొంతు ఒక యాసలో, పాత్రలు ఒక యాసలో ఉండొచ్చు. అయితే అది తెలిసి చేసినదై ఉండాలి.

7. ఫిర్యాదు నమ్మండి, పరిష్కారం నమ్మకండి

మన దగ్గర రాతప్రతిని మొదట చదివేది చాలాసార్లు ముందుమాట రాసే పెద్దలే. వారికి నవల అందేసరికి పేజీలు తయారై ఉంటాయి. ఆవిష్కరణ తేదీ కూడా ఖరారై ఉంటుంది. ఆ స్థితిలో ఏ మర్యాదస్తుడైనా మెచ్చుకోలే రాస్తాడు. అందుకే ముందుమాటకు పంపించడం ఆఖరి పని కావాలి. తోటి రచయితలకు కూడా తొందరపడి చూపించకండి. రచయితకు రాతప్రతి ఇస్తే తానైతే ఎలా రాసేవాడో చెబుతాడు.

నవలలు కొని చదివే మామూలు పాఠకులు ఇద్దరు ముగ్గురికి ఇవ్వండి. ‘ఎలా ఉంది?’ అని అడగొద్దు. ఆ ప్రశ్నకు ‘బాగుంది’ తప్ప వేరే జవాబు రాదు. ‘ఎక్కడ పక్కన పెట్టారు? మళ్లీ ఎప్పుడు తీశారు? ఎవరి మీద కోపం వచ్చింది? ఎవరి పేరు గుర్తులేదు?’ అని అడగండి. వారు చెప్పే బాధను పూర్తిగా నమ్మండి. వారు చెప్పే మందును మాత్రం నమ్మనక్కర్లేదు. ‘మధ్యలో బోరు కొట్టింది, ఒక హత్య పెట్టు’ అంటే మధ్యలో బోరు కొట్టిందన్నది నిజం. హత్య అక్కర్లేదు. బహుశా అంతకు యాభై పేజీల ముందే ఒక ప్రశ్నకు జవాబు చెప్పేసి ఉంటారు, ఇక పాఠకుడికి ఎదురుచూడ్డానికేమీ మిగల్లేదు.

‘ది గ్రేట్ గాట్స్‌బీ’ ఇలాగే నిలబడింది. 1924 చివర్లో రాతప్రతి చదివిన ఎడిటర్ మాక్స్‌వెల్ పెర్కిన్స్, గాట్స్‌బీ రూపం మసకగా ఉందని, అతని డబ్బు ఎక్కడిదో అంతుపట్టడం లేదని రచయిత ఫిట్జెరాల్డ్‌కు ఉత్తరం రాశాడు. ఫిట్జెరాల్డ్ ఆ ఫిర్యాదును మనసుకు పట్టించుకుని, గాలీ ప్రూఫుల మీదే అధ్యాయాలు మార్చాడు, గాట్స్‌బీ గతాన్ని చెప్పే చోట్లు మార్చాడు. 1925 ఏప్రిల్‌లో పుస్తకం వచ్చింది. పెర్కిన్స్ చూపించింది మసక ఎక్కడుందో. దాన్ని ఎలా పోగొట్టాలో కనిపెట్టింది రచయిత.

8. పరిశోధన ఆఖరున చేయండి

ముందే పరిశోధన చేసేవారు తెలుసుకున్నదంతా నవల్లో పెట్టాలనుకుంటారు. కథ ఆగిపోయి, నీటిపారుదల చరిత్ర మొదలవుతుంది. కథకు ఏ సంగతి అవసరమో తిరగరాత అయ్యాకే తెలుస్తుంది. అప్పుడు ఆ కొద్దిపాటి సంగతుల్నీ గట్టిగా పరీక్షించండి. ఒక్కటి కూడా వదలొద్దు.

ఒక పెద్ద కాగితం మీద మీ నవల కాలాన్ని గీయండి. సంవత్సరాలు, నెలలు, పండుగలు, ప్రతి పాత్ర వయసు. ఇప్పుడు చూడండి. 1978లో జరిగే సన్నివేశంలో మండలాఫీసు ఉందా? మండలాలు వచ్చింది 1985లో. అంతకుముందు తాలూకాలూ సమితులూ. 1990లో కరణంగారు కాగితాలు చూస్తున్నాడా? ఆ ఉద్యోగాలు 1984లోనే రద్దయ్యాయి. 1975లో ‘విజయనగరం జిల్లా’ అన్నారా? ఆ జిల్లా 1979లో ఏర్పడింది. 1980లో ఎవరైనా ఐదొందల నోటు తీశారా? అది 1987లో వచ్చింది. దీపావళి రాత్రి వెన్నెల కాసిందా? ఆ రోజు అమావాస్య. గోదావరి రైతు సంక్రాంతికి సార్వా నాట్లు వేశాడా? చుట్టరికాలు కూడా ఇలాగే చూడాలి. రెండో అధ్యాయంలో బావ అయినవాడు ఇరవయ్యో అధ్యాయంలో మావయ్య అవుతుంటాడు. తెలుగు పాఠకుడు అన్నీ క్షమిస్తాడు, వరస తప్పితే క్షమించడు.

ఒక్క తప్పు పట్టుకున్న పాఠకుడు మిగతా నవలను కూడా నమ్మడం మానేస్తాడు. ఈ పని విసుగే, కానీ ఎవరైనా చేయగలిగిన పని. ప్రతిభతో నిమిత్తం లేదు. ఒత్తులూ దీర్ఘాలూ, ‘ళ్ళ’ ‘ళ్ల’ల సంగతీ కూడా ఇప్పుడు చూసుకోండి. నవల మొత్తానికి ఒకే పద్ధతి రాసిపెట్టుకుని, దానికే కట్టుబడండి.

9. గడువు వదులుకోండి

నవలల పోటీ ప్రకటన వస్తుంది. మూడు నెలలు గడువు. చిత్తుప్రతిని హడావిడిగా సాపు చేసి పంపేస్తారు. వద్దంటే ‘విశ్వనాథవారు రాయలేదా?’ అంటారు. వేయిపడగలను విశ్వనాథ సత్యనారాయణ 29 రోజుల్లో చెబుతూ రాయించారని ప్రసిద్ధి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడవి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి ఆ నవల బహుమతి పంచుకుంది. ఆ 29 రోజులే చెప్పుకుంటాం గానీ, వాటి వెనక ఉన్న ఏళ్ల చదువూ పద్యసాధనా తలుచుకోం. అలాంటి ధారణ ఉన్నవారు ఆ దారిన వెళ్లవచ్చు. మిగతావాళ్లందరికీ తిరగరాతే దిక్కు. పోటీ వచ్చే ఏడు కూడా ఉంటుంది. తొందరపడి పంపిన నవల ఒకసారి అచ్చయిందా, ఇక దాన్ని మీరు దిద్దరు.

అలాగని జీవితాంతం దిద్దుతూ కూర్చోమని కాదు. ఆపాల్సిన రోజు ఎలా తెలుస్తుందంటారా? మీరు చేస్తున్న మార్పుల్ని చూసుకోండి. మనుషులు మారుతున్నంతకాలం, సన్నివేశాలు కదులుతున్నంతకాలం నవల ఇంకా పూర్తి కాలేదు. మాటలకు బదులు మాటలు పెడుతూ, రేపు మళ్లీ పాతవే తెచ్చుకుంటున్నారంటే పని అయిపోయింది. ఆ రోజే డీటీపీకి ఇచ్చేయండి. అప్పుడు ముఖచిత్రం గురించి ఆలోచించండి. అప్పుడు ముందుమాట అడగండి.

ఆఖరి మాట

నవల దిద్దడం రాసినదాన్ని శుభ్రం చేయడం కాదు. చిత్తు రాస్తున్నప్పుడు మీకు తెలియని సంగతి ఇప్పుడు తెలుసు కనుక, తెలిసిన మనిషిగా మళ్లీ రాయడం. ఇది మొదటి రాతకన్నా ఎక్కువ కాలం తీసుకుంటుంది, తీసుకోవాలి కూడా. ఇందులో చప్పట్లు లేవు, సన్మానాలు లేవు, చేస్తున్నట్టు ఎవరికీ తెలియదు. అయినా మంచి నవలకూ మామూలు నవలకూ తేడా వచ్చేది ఇక్కడే.

మూడొందల పేజీల పుస్తకం కొన్న పాఠకుడు దానికి డబ్బే కాదు, పది గంటల కాలం కూడా ఇస్తున్నాడు. తెలుగు చదివేవారు తగ్గిపోతున్నారని వాపోయే మనం, ఆ మిగిలిన పాఠకుడి చేతిలో చిత్తుప్రతి పెట్టడం అన్యాయం. మీ బల్ల సొరుగులో ఒక నవల ఉంటే, దాన్ని ఈ వారమే తీయండి. ఆఖరి అధ్యాయంతో మొదలుపెట్టండి.